అచ్చయిన మెడికల్ పేపర్‌లో తేడా కనిపిస్తే జర్నల్‌కు ఎలా చెప్పాలి

"ఈ పేపర్‌లో లెక్కలు కుదరడం లేదు, ఎవరికి చెప్పాలి?" "రెండు ఫొటోలు ఒకటేలా ఉన్నాయి, నేనింకా పీజీలోనే ఉన్నాను, రాస్తే నా మీదికి ఏమైనా వస్తుందా?" మాటలు మారుతున్నాయి గానీ నన్ను అడిగేది ఎప్పుడూ ఈ రెండు ప్రశ్నలే. ఒక్కొక్కరికి విడివిడిగా జవాబు రాసే బదులు మొత్తం పద్ధతిని ఒకచోట పెడుతున్నాను.

మెడికల్ జర్నల్‌లో వచ్చిన తప్పు కాగితం మీదే ఆగిపోదు. దాన్ని చదివి మందు డోసు నిర్ణయించుకునే డాక్టర్లుంటారు, దాన్ని కూడా కలుపుకొని రివ్యూ రాసేవాళ్ళుంటారు, ఆ రివ్యూను బట్టి గైడ్‌లైన్ మారుతుంది, అలా అలా అది మంచం మీదున్న పేషంట్ దాకా వెళ్తుంది. కాబట్టి తేడా కంటపడ్డాక "మనకెందుకులే" అని వదిలేయకండి. అలాగని కనిపించిన గంటలోనే "దొంగ పేపర్" అని పదిమందిలో పెట్టేయకండి కూడా, ఎందుకంటే మీరు పొరబడి ఉంటే అవతల ఒక మనిషి పేరు పోతుంది, పొరబడకపోయినా మీ తొందర వల్ల అసలు విషయం పక్కకు పోతుంది.

కావలసినవి

పేపర్ పూర్తి పీడీఎఫ్, సప్లిమెంటరీ ఫైళ్ళు (పేపర్‌తో పాటు జర్నల్ సైట్‌లో పెట్టే అదనపు టేబుళ్ళు, వివరాలు), డీఓఐ నంబరు (ప్రతి పేపర్‌కూ విడిగా ఉండే గుర్తింపు నంబరు). క్లినికల్ ట్రయల్ అయితే దాని రిజిస్ట్రేషన్ నంబరు. కాలిక్యులేటర్ లేదా ఎక్సెల్. ఏ రోజు ఏం చూశారో రాసుకోవడానికి ఒక ఫైలు. మీరు పనిచేసే చోటి ఈమెయిల్ కాకుండా వేరే ఈమెయిల్ ఐడీ ఒకటి. ఆ సబ్జెక్టు తెలిసి, విన్నది బయట చెప్పని మనిషి ఒకరు. వీటన్నిటికంటే ఎక్కువగా ఓపిక, ఇది వారంలో తేలే పని కాదు.

1. ఆ పేపర్ ఇప్పుడు ఏ స్థితిలో ఉందో చూడండి

చాలామంది ఈ పని చేయకుండానే ఉత్తరం రాయడం మొదలుపెడతారు. జర్నల్ సొంత సైట్‌లో పేపర్ తెరవండి. క్రాస్‌మార్క్ అనే బటన్ ఉంటే నొక్కండి, ఆ పేపర్‌కు దిద్దుబాటు వచ్చిందా, రిట్రాక్ట్ అయిందా (అంటే జర్నల్ దాన్ని వెనక్కి తీసుకుందా) అన్నది అక్కడ తెలుస్తుంది. వైద్య పేపర్లను వెతికే పబ్‌మెడ్ సైట్‌లో కూడా చూడండి, రిట్రాక్ట్ అయిన పేపర్ల మీద స్పష్టంగా గుర్తు ఉంటుంది. ఆ తర్వాత వెనక్కి తీసుకున్న పేపర్ల జాబితా అయిన రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో రచయితల పేర్లతో వెతకండి. ఇవాన్ ఒరాన్‌స్కీ, ఆడమ్ మార్కస్ అనే ఇద్దరు జర్నలిస్టులు 2010లో మొదలుపెట్టిన పని అది, 2023లో ఆ డేటాబేస్‌ను, పేపర్లకు డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ తీసుకుని అందరికీ ఉచితంగా తెరిచింది. చివరగా, అచ్చయిన పేపర్ల మీద పాఠకులు వ్యాఖ్యలు రాసే పబ్‌పీర్ సైట్‌లో డీఓఐ కొట్టి చూడండి. మీకు కనిపించినదే ఇంకెవరో ముందే రాసి ఉండొచ్చు, రచయితలు జవాబు కూడా ఇచ్చి ఉండొచ్చు.

ఒక జాగ్రత్త: ఎప్పుడో డౌన్‌లోడ్ చేసుకున్న పీడీఎఫ్‌ను నమ్ముకోకండి. తర్వాత వచ్చిన దిద్దుబాట్లేవీ దానిలో ఉండవు.

2. అన్నీ కాపీ చేసి దాచండి

పీడీఎఫ్, వెబ్ పేజీ, ఫొటోల పెద్ద సైజు ఫైళ్ళు, సప్లిమెంటరీ టేబుళ్ళు, ట్రయల్ రిజిస్ట్రీ పేజీ, అన్నీ తేదీ వేసి పెట్టుకోండి. వెబ్ పేజీల పాత కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో కూడా పేజీని సేవ్ చేయండి. నోటీసు ఏదీ పెట్టకుండానే ఆన్‌లైన్ పేపర్‌లో అంకె మారిపోవడం, ఫొటో మారిపోవడం నిజంగా జరుగుతుంటాయి. అప్పుడు మీ దగ్గర పాత కాపీ లేకపోతే మీరే తప్పు చదివారంటారు.

3. మీరు చూసింది ఏ రకం తేడానో తేల్చుకోండి

ఎవరికి రాయాలన్నది దీన్నిబట్టే ఉంటుంది. పరిశోధనలో దుష్ప్రవర్తన అంటే మూడు పనులని అమెరికాలోని ఆఫీస్ ఆఫ్ రీసెర్చ్ ఇంటెగ్రిటీ చెబుతుంది: లేని డేటాను పుట్టించడం, ఉన్న డేటాను మార్చడం లేదా నచ్చనిది తీసేయడం, ఇతరుల రాతనో ఆలోచననో తమదిగా చూపించుకోవడం. నిజాయితీగా జరిగిన పొరపాటును, అభిప్రాయభేదాన్ని అది ఈ లెక్కలోకి తీసుకోదు. ఈ మూడూ కాక జర్నళ్ళు పట్టించుకునేవి ఇంకా ఉన్నాయి. ఒకే స్టడీని రెండుచోట్ల అచ్చు వేయించుకోవడం, కంపెనీ నుంచి తీసుకున్న డబ్బు సంగతి దాచడం, ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా పేషంట్ల మీద పని చేయడం, పని చేయని పెద్దాయన పేరు పెట్టడం, పని చేసినవాళ్ళ పేరు తీసేయడం.

పేర్ల గొడవ గురించి కొంచెం విడిగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ ప్రశ్నలు దాని మీదే వస్తాయి. ఐసీఎంజేఈ, అంటే మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ, రచయిత అనిపించుకోవడానికి నాలుగు షరతులు పెట్టింది, నాలుగూ ఉండాలి: స్టడీ ఆలోచనలోనో, డేటా సేకరణ లేదా విశ్లేషణలోనో గట్టి భాగం ఉండాలి, పేపర్‌ను రాయడంలోనో లోతుగా సరిదిద్దడంలోనో పాలుండాలి, చివరి ప్రతికి ఒప్పుకోవాలి, పేపర్‌లోని ప్రతిదానికీ జవాబుదారీగా ఉంటానని అంగీకరించాలి. డబ్బు తెచ్చినంత మాత్రాన, డిపార్ట్‌మెంట్ హెడ్ అయినంత మాత్రాన రచయిత కారు. కానీ మీ పేరు పెట్టలేదన్న గొడవలో ఎవరిది న్యాయమో జర్నల్ తేల్చదు, తేల్చాల్సింది మీ సంస్థ. జర్నల్‌కు రాసినా "మీ సంస్థలో తేల్చుకుని రండి" అనే జవాబే వస్తుంది, ముందే తెలిస్తే ఆరు నెలలు కలిసొస్తాయి.

ఇక "శాంపిల్ చిన్నది", "కంట్రోల్ గ్రూప్ ఎంపిక బాగాలేదు" లాంటివి మీ అభ్యంతరాలైతే అది ఫిర్యాదు కాదు, శాస్త్ర చర్చ. దానికి ఎడిటర్‌కు లేఖ అనే మామూలు దారి ఉంది, అది అచ్చవుతుంది, రచయితల జవాబు కూడా పక్కనే వస్తుంది. కొన్ని జర్నళ్ళు పేపర్ వచ్చిన కొద్ది వారాల్లోపే ఆ లేఖలు తీసుకుంటాయి, గడువు చూసుకోండి.

4. చెక్ చేయండి

అసలు పని ఇదే. పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, చాలా తేడాలు మామూలు కాలిక్యులేటర్‌కే దొరుకుతాయి.

శాతాలతో మొదలుపెట్టండి. 23 మంది ఉన్న గ్రూపులో 45 శాతం మందికి వాంతులయ్యాయని ఉందనుకోండి. 10 మందికైతే 43.5 శాతం, 11 మందికైతే 47.8 శాతం. మధ్యలో 45 రాదు, మనిషిని ముక్క చేయలేం కదా. ప్రతి టేబుల్‌లో ప్రతి శాతాన్నీ ఇలా వెనక్కి లెక్కించండి.

తర్వాత సగటులు. నొప్పి స్కోరు లాంటివి 0 నుంచి 10 దాకా పూర్తి అంకెలే ఉంటాయి. 20 మంది సగటు 3.47 అని రాశారంటే మొత్తం స్కోరు 69.4 అయి ఉండాలి. పూర్తి అంకెల్ని కూడితే దశాంశం రాదు, 69 అయితే సగటు 3.45, 70 అయితే 3.50. దీన్ని గ్రిమ్ టెస్ట్ అంటారు, నిక్ బ్రౌన్, జేమ్స్ హీథర్స్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. రెండు దశాంశ స్థానాలు ఇచ్చి, గ్రూపులో వందకంటే తక్కువ మంది ఉన్నప్పుడే ఇది పనిచేస్తుంది. బరువు, బీపీ సగటుల లాంటి వాటి మీద వాడకండి, ఒక్కొక్కరి కొలతే దశాంశాల్లో తీసుకుని ఉండొచ్చు.

అబ్‌స్ట్రాక్ట్‌లో చెప్పిన పేషంట్ల సంఖ్య, ఫ్లో చార్ట్‌లోది, టేబుల్‌లోది ఒకటేనా? సగటు, ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్, అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత), మనుషుల సంఖ్య ఇచ్చి ఉంటే పీ వాల్యూను (గ్రూపుల మధ్య నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం ఎంతో చెప్పే అంకెను) మీరే మళ్ళీ లెక్కించండి, వాళ్ళు ఇచ్చినదానికి దగ్గరగానైనా ఉందా? 1 నుంచి 5 దాకా ఉండే స్కేలుకు ఎస్‌డీ 3 అని ఉంటే అది అసాధ్యం.

ఎదురు దిక్కు నుంచి కూడా చూడండి, అంటే అంకెలు మరీ అందంగా ఉన్నాయేమో అని. మత్తుమందు వైద్యంలో యోషితాకా ఫుజీ అనే జపాన్ డాక్టర్ పేపర్ల సంగతి అలాగే బయటపడింది. 2000లో జర్మనీకి చెందిన ముగ్గురు డాక్టర్లు ఒక జర్నల్‌కు రాసిన చిన్న లేఖలో అడిగింది ఒక్కటే: ఈయన పేపర్లలో వేర్వేరు మందులు తీసుకున్న గ్రూపుల్లో తలనొప్పి వచ్చినవాళ్ళ సంఖ్య ఎందుకు ఇంత ఒకేలా ఉంటోంది? నిజం పేషంట్లలో కొంత హెచ్చుతగ్గు ఉండి తీరాలి. ఆ ప్రశ్న అక్కడే ఆగిపోయింది, ఆయన పేపర్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. 2012లో జాన్ కార్లైల్ అనే డాక్టర్ 168 ట్రయల్స్ అంకెల్ని గణాంకాలతో పరీక్షించి చూపించాడు, అదే ఏడాది జపాన్ అనస్థీషియా వైద్యుల సంఘం కమిటీ 172 పేపర్లలో డేటా కల్పితమని తేల్చింది. మొదటి ప్రశ్నకూ ఆ జవాబుకూ మధ్య 12 ఏళ్ళు. ఆ మధ్యలో ఎంతమంది పేషంట్లకు ఆ పేపర్లను నమ్మి మందులిచ్చి ఉంటారో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

పేపర్ అంకెను బయటి లోకపు అంకెతో పోల్చడం ఇంకో మంచి పరీక్ష. 2020 మే 22న లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో, కోవిడ్‌కు హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు వాడటం మీద ఒక పెద్ద స్టడీ వచ్చింది, 671 హాస్పిటళ్ళు, 96 వేలకు పైగా పేషంట్లు, డేటా సర్జిస్ఫియర్ అనే కంపెనీది. ఆస్ట్రేలియాలో ఏప్రిల్ 21 నాటికి అయిదు హాస్పిటళ్ళలో 73 మంది కోవిడ్‌తో చనిపోయినట్టు ఆ డేటాలో ఉంది. అప్పటికి ఆ దేశం మొత్తంలో నమోదైన మరణాలే 67. ఇది చూడటానికి స్టాటిస్టిక్స్ డిగ్రీ అక్కర్లేదు. కంపెనీ అసలు డేటాను బయటి ఆడిటర్లకు ఇవ్వలేదు, జూన్ 4న పేపర్ రిట్రాక్ట్ అయింది.

ఫొటోల దగ్గరికొద్దాం. ఎలిజబెత్ బిక్, ఆమె సహచరులు 40 జర్నళ్ళలోని 20,621 పేపర్లను కంటితో చూసి, వాటిలో 3.8 శాతం పేపర్లలో ఫొటోల సమస్య ఉందని 2016లో చెప్పారు. మీరు వెతకాల్సినవి: ఒకే ఫొటో రెండు వేర్వేరు పేర్లతో ఉందా, తిప్పి పెట్టారా, అద్దంలో చూసినట్టు మార్చారా, ఒకే స్లైడ్‌లోని పక్కపక్క భాగాలను వేర్వేరు పేషంట్లవిగా చూపించారా, ఒకే ఫొటోలో ఒక కణాల గుంపు రెండుచోట్ల అతికినట్టు ఉందా. ఫొటోను పెద్దది చేసి కాంట్రాస్ట్ పెంచితే చాలావరకు తెలుస్తుంది. ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఏంటంటే, జేపెగ్ ఫైల్‌ను కుదించినప్పుడు వచ్చే చదరపు గళ్ళను చూసి "కత్తిరించి అతికించారు" అనేస్తారు. ఆ గళ్ళు ఫొటో అంతా ఒకే తీరుగా ఉంటే అది కుదింపు ప్రభావమే.

ట్రయల్ అయితే రిజిస్ట్రీ తప్పక చూడాలి. 2005 నుంచి ఐసీఎంజేఈ జర్నళ్ళు, మొదటి పేషంట్‌ను చేర్చుకోకముందే రిజిస్టర్ కావాలని పట్టుబడుతున్నాయి. క్లినికల్ ట్రయల్స్ డాట్ గవ్‌లో ఒక రికార్డు ఎప్పుడెప్పుడు ఎలా మారిందో చరిత్ర మొత్తం ఉంటుంది. మొదట రాసుకున్న ప్రధాన ఫలితం ఏంటి, పేపర్‌లో ప్రధాన ఫలితంగా చూపించింది ఏంటి? మధ్యలో మార్చి, ఎందుకు మార్చారో పేపర్‌లో చెప్పకపోతే అది అడగాల్సిన విషయమే. తేదీలు కూడా పట్టుకోండి: ఎథిక్స్ అనుమతి వచ్చిన తేదీ కంటే ముందే పేషంట్లను చేర్చుకున్నట్టుంటే అది చాలా పెద్ద విషయం, లెక్కల తేడా కంటే కూడా.

రాతలో తేడాలు. ఒక రాత ఇతర రాతలతో ఎంత కలుస్తుందో చూసే సిమిలారిటీ సాఫ్ట్‌వేర్ ఇచ్చే శాతం తీర్పు కాదు. పద్ధతుల భాగంలో అందరూ ఒకే మాటలు రాస్తారు, రిఫరెన్సులు ఎలాగూ కలుస్తాయి. 30 శాతం వచ్చినా తప్పు లేకపోవచ్చు, 8 శాతమే వచ్చినా ఆ 8 శాతం మొత్తం ఒకరి డిస్కషన్‌లోంచి ఎత్తిందే కావచ్చు. ఎక్కడ కలిసిందో చూడాలి. ఇంకోటి, వింత పదాలు. దొంగిలించిన రాతను సాఫ్ట్‌వేర్ పట్టుకోకుండా మాటలు మార్చే యంత్రంలో వేస్తారు, దాంతో బ్రెస్ట్ క్యాన్సర్ కాస్తా "బోజమ్ పెరిల్" అవుతుంది. గిలోమ్ కబనాక్, ఆయన సహచరులు 2021 నుంచి ఇలాంటివి పోగుచేస్తున్నారు. డబ్బులు తీసుకుని పేపర్లు తయారుచేసే ముఠాల పనిలో ఇవి ఎక్కువ. ఒక్క 2023లోనే హిందావీ అనే పబ్లిషర్ జర్నళ్ళ నుంచి 8 వేలకు పైగా పేపర్లను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కానీ ఇంగ్లిష్ సరిగా రాకపోవడం నేరం కాదు. వాక్యం తడబడినంత మాత్రాన అనుమానించకండి, చదువుకున్న ఏ డాక్టరూ వాడని పదం వైద్య పదం స్థానంలో ఉంటేనే ఆగండి.

5. మీ అనుమానాన్ని మీరే పడగొట్టడానికి ప్రయత్నించండి

ఇందాకటి 3.47 నే తీసుకోండి. 20 మందిలో ఒకరు మధ్యలో మానేసి 19 మందే మిగిలితే? 66ని 19తో భాగిస్తే సరిగ్గా 3.47 వస్తుంది. అంటే అక్కడ మోసం లేకపోవచ్చు, టేబుల్ కింద ఆ మాట రాయడం మర్చిపోయి ఉండొచ్చు. అందుకే ఫుట్‌నోట్లు, సప్లిమెంట్ రెండుసార్లు చదవండి. రెండు ఫొటోలు ఒకటే అయితే, ఒకే కంట్రోల్‌ను రెండుచోట్ల వాడామని కింద రాశారా?

తర్వాత మీరు నమ్మే ఆ ఒక్క మనిషికి పేపర్ మాత్రమే ఇచ్చి, ఎక్కడ తేడా ఉందో చెప్పకుండా "టేబుల్ 2 చూసి ఏమనిపిస్తోందో చెప్పు" అనండి. మీరు చూపించి అడిగితే ఎవరికైనా అదే కనిపిస్తుంది.

ఇన్ని అడ్డంకులు దాటి నిలిచిన పాయింట్లే ఉత్తరంలోకి వెళ్ళాలి. పది అనుమానాల్లో మూడు మిగిలినా చాలు.

6. ఎవరికి రాయాలి

లెక్క పొరపాటు అనిపించే చిన్న విషయమైతే కరెస్పాండింగ్ ఆథర్‌కు (పేపర్ గురించి ఉత్తరాలకు జవాబిచ్చే రచయితకు) మర్యాదగా ఒక ఈమెయిల్ రాయొచ్చు, చాలామంది మంచి రచయితలు థాంక్స్ చెప్పి దిద్దుకుంటారు కూడా. కానీ డేటా కల్పితమనో, ఫొటో మార్చారనో గట్టి అనుమానం ఉంటే రచయితకు ముందు రాయకండి. నేరుగా జర్నల్ ప్రధాన సంపాదకుడికి రాయండి. ముందే హెచ్చరిస్తే ఫైళ్ళు మాయమయ్యే అవకాశం ఉంటుంది. జర్నల్‌కు పబ్లికేషన్ ఎథిక్స్ కోసం వేరే ఈమెయిల్ ఉంటే దానికీ కాపీ పెట్టండి.

ఆ పేపర్‌లో ఎడిటరే రచయిత అయితే పబ్లిషర్‌కు రాయండి.

ఇది మీ గైడ్ పేపరో, మీ డిపార్ట్‌మెంట్ పేపరో అయితే ముందు సంస్థలో రీసెర్చ్ ఇంటెగ్రిటీ బాధ్యత చూసే అధికారి ఎవరో కనుక్కోండి. ఫిర్యాదు చేసినవాళ్ళకు ఆ సంస్థ నియమాల్లో ఏం రక్షణ ఉందో చదివాకే రాయండి. ఏ పరిస్థితిలోనూ పేషంట్ల పేర్లున్న ఫైళ్ళు, కేస్ షీట్లు ఫొటో తీసి బయటికి పంపకండి. ఉద్దేశం ఎంత మంచిదైనా అది పేషంట్ గోప్యతను దెబ్బతీయడమే, అక్కడినుంచి విచారణ మీ మీదికి తిరుగుతుంది. ఆ రికార్డు ఎక్కడ ఉందో, ఏ తేదీదో చెప్పండి, తెప్పించుకోవడం విచారణ చేసేవాళ్ళ పని.

పేరు లేకుండా రాయొచ్చా? రాయొచ్చు. ఆధారం స్పష్టంగా ఉంటే రాసింది ఎవరన్నది పక్కనపెట్టి విషయాన్ని పరిశీలించాలన్నదే కోప్, అంటే పబ్లికేషన్ ఎథిక్స్ కమిటీ, ఎడిటర్లకు ఇచ్చే సలహా. ఇంకా చదువుకుంటున్న వాళ్ళకు నేను ఇదే చెబుతాను. పేరుతో రాసినా, "రచయితలకు నా పేరు చెప్పవద్దు" అని మొదటి వాక్యాల్లోనే అడగండి.

7. ఉత్తరం

నేను మొదటిసారి రాసిన ఫిర్యాదు మూడు పేజీలు. అందులో అంకెలున్నాయి, ఆవేశం ఉంది, "ఇలాంటివాళ్ళ వల్లే" అని మొదలయ్యే ఒక పేరా కూడా ఉంది. ఆ జర్నల్ నుంచి జవాబు రాలేదు. నాలుగు నెలల తర్వాత అదే విషయాన్ని అర పేజీలో, మూడు పాయింట్లుగా, ఒక్క విశేషణం లేకుండా మళ్ళీ పంపాను. తొమ్మిది రోజుల్లో జవాబొచ్చింది. అప్పటినుంచి ఇదే అచ్చు వాడుతున్నాను. జర్నల్ ఏ భాషలో నడిస్తే ఆ భాషలో రాసుకోండి, ఎముకల గూడు మాత్రం ఇదే:

"గౌరవనీయ సంపాదకులకు, మీ జర్నల్‌లో వచ్చిన ఈ పేపర్ (శీర్షిక, సంవత్సరం, డీఓఐ) గురించి కొన్ని సందేహాలు మీ దృష్టికి తెస్తున్నాను. ఒకటి, టేబుల్ 2 నాలుగో వరుసలో 23 మందిలో 45 శాతం అని ఉంది. 23 మందిలో ఆ శాతం రావడం సాధ్యం కాదు, లెక్క జతచేశాను. రెండు, ఫిగర్ 3లోని రెండో ఫొటో, ఫిగర్ 5లోని మొదటి ఫొటో తిప్పి చూస్తే ఒకటేలా కనిపిస్తున్నాయి, గుర్తులు పెట్టిన కాపీ జతచేశాను. మూడు, రిజిస్ట్రీలో మొదట రాసిన ప్రధాన ఫలితం, పేపర్‌లోని ప్రధాన ఫలితం వేరు. వీటికి నాకు తెలియని సమంజసమైన కారణం ఉండవచ్చు. అసలు డేటాను, ఫొటోల అసలు ఫైళ్ళను రచయితల నుంచి తెప్పించుకుని పరిశీలించవలసిందిగా కోరుతున్నాను. ఈ విషయంలో నాకు ఉన్న సంబంధాలు, ప్రయోజనాలు: ఏవీ లేవు. నా పేరు గోప్యంగా ఉంచగలరు. ఈ ఉత్తరం అందినట్టు తెలియజేయగలరు."

మోసం, దొంగ, ఫ్రాడ్, కుట్ర, ఇవేవీ ఇందులో లేవు చూడండి. కనిపించినది చెప్పాలి, మనసులో ఏముందో ఊహించి చెప్పకూడదు. అంకె కుదరడం లేదన్నది ఎవరైనా సరిచూడగల విషయం. కావాలని చేశారన్నది విచారణ తర్వాత తేలాల్సిన విషయం, అది మీరే ప్రకటించేస్తే పరువు నష్టం కేసు దాకా పోవచ్చు. ఇంకో పక్క, ఆ రచయితతో మీకు నిజంగానే పోటీ ఉన్నా, పాత గొడవ ఉన్నా దాచకండి. తర్వాత బయటపడితే నిజమైన పాయింట్లు కూడా పగ కిందికి పోతాయి.

పంపేముందు సరిచూసుకోండి: ప్రతి పాయింట్‌కూ టేబుల్ నంబరో ఫిగర్ నంబరో ఉందా? ఈ సబ్జెక్టు తెలియని మనిషి మీ అటాచ్‌మెంట్ ఒక్కటే తెరిచి అయిదు నిమిషాల్లో తేడా చూడగలడా? చూడలేకపోతే మళ్ళీ రాయండి.

8. పంపాక

రెండు వారాల్లో "అందింది" అని రాకపోతే అదే ఈమెయిల్ కిందే ఒక వాక్యం రాసి మళ్ళీ పంపండి. అందిందన్నాక రెండు మూడు నెలలకోసారి అడిగితే సరిపోతుంది. ఈలోగా లోపల ఏం జరుగుతుందంటే, కోప్ ఫ్లోచార్టుల ప్రకారం ఎడిటర్ ముందు రచయితల వివరణ అడుగుతారు, అది సరిపోకపోతే వాళ్ళు పనిచేసే సంస్థను విచారించమంటారు. జర్నల్‌కు ల్యాబ్ తలుపు తెరిపించే అధికారం లేదు, అందుకే సంస్థ మీద ఆధారపడుతుంది, అందుకే ఆలస్యం. నెలలు పట్టడం మామూలు, ఏళ్ళు పట్టినవీ ఉన్నాయి. ఎంఎంఆర్ టీకాను ఆటిజంతో ముడిపెట్టిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ పేపర్, 12 మంది పిల్లల మీద చేసినది, లాన్సెట్‌లో 1998లో వస్తే పూర్తిగా రిట్రాక్ట్ అయింది 2010లో.

ఈ కాలంలో రచయితను సోషల్ మీడియాలో ట్యాగ్ చేయడం, ఒకే ఫిర్యాదును ఇరవైమందికి పంపడం వద్దు. టెన్షన్ అర్థం చేసుకోగలను, కానీ అలా పంపితే ప్రతివాళ్ళూ ఇంకొకరు చూస్తున్నారనుకుంటారు, పైగా విచారణ పక్షపాతమని రచయిత వాదించడానికి మీరే దారి ఇచ్చినవాళ్ళవుతారు.

9. జర్నల్ పలక్కపోతే

వరుసగా వెళ్ళండి, ఒక మెట్టు దాటాకే ఇంకో మెట్టు. మొదట పబ్లిషర్‌లో రీసెర్చ్ ఇంటెగ్రిటీ విభాగం. తర్వాత రచయితల సంస్థ, స్టడీకి డబ్బు ఇచ్చిన సంస్థ. జర్నల్ కోప్‌లో సభ్యత్వం ఉన్నదైతే కోప్‌కు కూడా రాయొచ్చు. 1997లో కొద్దిమంది మెడికల్ జర్నల్ ఎడిటర్లు కలిసి మొదలుపెట్టిన ఈ కమిటీ దగ్గరికి చాలామంది తప్పు ఆశతో వెళ్తారు. పేపర్‌లో డేటా నిజమా కాదా అని కోప్ తేల్చదు. జర్నల్ మీ ఫిర్యాదును పద్ధతి ప్రకారం చూసిందా లేదా అన్నదే చూస్తుంది, అదీ మీరు జర్నల్ సొంత ఫిర్యాదు దారి మొత్తం వాడాకే. కాబట్టి ఈమెయిళ్ళన్నీ తేదీలతో దాచి ఉంచండి, అక్కడ అవే అడుగుతారు.

పబ్‌పీర్‌లో రాయడం ఇంకో దారి. పేరు లేకుండా రాయొచ్చు, కానీ ఎవరైనా సరిచూడగల విషయమే రాయాలి, ఆరోపణలు తీసేస్తారు. నా మట్టుకు నేను జర్నల్‌కు కొన్ని నెలలు సమయం ఇచ్చాకే అక్కడ పెడతాను. ఆ పేపర్‌ను నమ్మి పేషంట్లకు ఇప్పుడే హాని జరిగేటట్టుంటే మాత్రం ఆగను, ఎడిటర్‌కు రాసిన రోజే అక్కడా పెడతాను, ఉత్తరం మొదటి వాక్యంలోనే ఆ ప్రమాదం సంగతి చెబుతాను.

జర్నలే దొంగదైతే, అంటే డబ్బు కట్టిన ప్రతి పేపర్‌నూ రివ్యూ లేకుండా వేసేదైతే, ఎడిటర్‌కు రాసి లాభం లేదు. నేరుగా సంస్థకు రాయండి.

10. వచ్చిన ఫలితాన్ని సరిగా చదవండి

దిద్దుబాటు అంటే తప్పు ఉంది గానీ ముగింపు నిలబడుతుందని జర్నల్ అభిప్రాయం. ఎక్స్‌ప్రెషన్ ఆఫ్ కన్సర్న్ అంటే విచారణ ఇంకా తేలలేదు, ఈలోగా పాఠకులు జాగ్రత్తగా ఉండండని. రిట్రాక్షన్ అంటే ఈ ఫలితాల మీద ఆధారపడవద్దని, అంతేగానీ రచయితలు దోషులని కాదు. నిజాయితీగా జరిగిన పొరపాటు వల్ల రచయితలే అడిగి వెనక్కి తీసుకున్న పేపర్లు చాలా ఉన్నాయి, అలా చేసినవాళ్ళను గౌరవించాలి. నోటీసులో కారణం, అడిగింది ఎవరు అన్నవి ఉండాలి, లేకపోతే రాసి అడగండి. పరిశీలించాం, సమస్య లేదు అని జవాబు వస్తే, మీ మూడు పాయింట్లకూ విడివిడిగా జవాబుందా చూడండి. ఒక పాయింట్‌ను దాటేసి ఉంటే దాని గురించి మాత్రమే మళ్ళీ అడగండి, మిగతా రెండింటికి సరైన కారణం చూపిస్తే ఒప్పేసుకోండి.

పేపర్ రిట్రాక్ట్ అయ్యాక ఇంకో పని మిగిలి ఉంటుంది, దీన్ని దాదాపు ఎవరూ చేయరు. గూగుల్ స్కాలర్‌లో ఆ పేపర్‌ను ఎవరెవరు ఉదహరించారో తీయండి. అందులో సిస్టమాటిక్ రివ్యూలు, చికిత్స గైడ్‌లైన్లు ఉంటే వాటి రచయితలకు నోటీసు లింకు పెట్టి రెండు వాక్యాలు రాయండి. మీ సొంత థీసిస్‌లోనో పేపర్‌లోనో అది రిఫరెన్స్‌గా ఉంటే ముందు అక్కడ తీసేసి, దాని అంకెలు లేకుండా మీ లెక్క మళ్ళీ చేయండి. అప్పుడు మీ ముగింపు మారిపోతే, మీ పేపర్ వేసిన జర్నల్‌కు ఇదే పద్ధతిలో, ఇదే ఉత్తరం, ఈసారి మీ పేరుతో రాయండి.